తెలిసినవాళ్లు

ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో, మా నాన్న కాపలా కాసే జైలుకే నేను చదువుకోవడానికి వెళ్లాను.

మాది కెనడా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న సెయింట్ రెమీ. పెద్దబజారు పొడవునా ఒకవైపు దుకాణాలు, రెండోవైపు జైలు గోడ. మా ఊళ్లో మీ నాన్న ఏం చేస్తాడని ఎవరూ అడగరు, ఏ షిఫ్టు అని అడుగుతారు. మా తాత వార్డరు. నాన్న, లైల్ రాబిడో, వార్డరు. అమ్మకి అన్నయ్య జెరార్డ్ అక్కడే సార్జెంటు. నేనొక్కదాన్నే దారి తప్పి, పక్క జిల్లాలో ఉన్న కాలేజీలో చట్టం, సామాజిక న్యాయం అనే డిగ్రీలో చేరాను. మూడో ఏడు మొదలవగానే మా ప్రొఫెసర్ అడేర్ ఒక కోర్సుని జైలు లోపలే పెట్టించారు. చేతికర్ర ఊతంతో నడిచే సన్నటి మనిషి. ఆ అనుమతి కోసం ఎన్నాళ్లు తిరిగారో, ఎవరెవర్ని బతిమాలారో ఆవిడకే తెలియాలి. మంగళవారం మంగళవారం సగం మంది మేం, సగం మంది ఖైదీలు, ఒకే గదిలో గుండ్రంగా కూర్చుని చదవాలి. ఇంటిపేర్లు చెప్పుకోకూడదన్నది నియమం.

ఇంట్లో ఆ సంగతి ఆదివారం భోజనాల దగ్గర బయటపెట్టాను. భార్య పోయినప్పటినుంచి జెరార్డ్ మావయ్య ఆదివారాలు మా ఇంట్లోనే తింటాడు. అతనికి ఇష్టమని అమ్మ పందిమాంసం కూరిన పై అనే రొట్టె కాలుస్తుంది.

"విన్నావా బావా," అన్నాడు మావయ్య మూతి తుడుచుకుంటూ. "మీ అమ్మాయి జైలుకెళ్తోందట. ఏం నేరం చేసిందో ఏమో!"

"ఒక్కటే నేరం మావయ్యా. నీకు మేనకోడలిగా పుట్టడం," అన్నాను.

అమ్మ పకపకా నవ్వింది. నాన్న నవ్వలేదు. "వేరే జైలు దొరకలేదా మీ ప్రొఫెసరుకి?"

"ఇదే దగ్గర నాన్నా."

"చట్టం నేర్పుతారుట వాళ్లకి!" మావయ్య ఇంకో ముక్క కోసుకున్నాడు. "చట్టం తెలియక వచ్చారా వాళ్లు? ఒక్కొక్కడూ ప్లీడరుకి పాఠం చెప్తాడు. అడుగు మీ నాన్నని."

"దాని చదువు దాన్ని చదువుకోనియ్యి అన్నయ్యా," అంది అమ్మ. "ఈ గోడ నీడ దాటేది మన ఇంట్లో అదొక్కతే."

తర్వాత గిన్నెలు తుడుస్తున్నప్పుడు, నాన్న నా మొహం చూడకుండా అన్నాడు, "లోపల నేను ఎదురైతే నాన్నా అనకు."

"మరేమనాలి?"

"ఏమీ అనకు."

*

నాతో జతగా కూర్చుని చదవాల్సినవాడు ఓటిస్. అరవైకి దగ్గర పడ్డ భారీ మనిషి. కళ్లజోడు ఒక పుల్ల విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో సన్నగా ఈల మోగేది. మొదటిరోజు నేను ఆ చప్పుడు విని తలెత్తితే చేయి ఊపాడు.

"కంగారు పడకు కాలేజీ. ఆవిరి బండి. ఇంకా స్టేషను రాలేదు."

ఆ రోజునుంచి నన్ను కాలేజీ అనే పిలిచాడు. తను ఎందుకు లోపలికొచ్చాడో ఎవరూ అడగకముందే చెప్పేశాడు. కుర్రతనంలో బఫెలోలో ఒక దుకాణం దోచుకోబోయి ఆ యజమానిని కాల్చాడు. "ఆయన పేరు అలెక్ సొబోల్. చచ్చిపోయాడు. నా గురించి మీరు ఏం వినబోయినా ముందు అది వినండి," అన్నాడు. తర్వాత పుస్తకం తెరిచాడు.

అతను చదివే తీరు నాకు కొత్త. నేను ఒక పేజీ చదివి ఏం రాయాలా అని చూస్తే, అతను ఒక వాక్యం దగ్గర ఆగి, దాన్ని గింజ ఒలిచినట్టు ఒలిచేవాడు. ఉత్తరాల మీద, టీవీ పాఠాల మీద చదివి సగం డిగ్రీ సంపాదించాడు. మిగతా సగానికి మా కోర్సు లెక్కలోకి వస్తుంది.

"డిగ్రీ వస్తే ఏం చేస్తారు?" అనడిగాను.

"గోడకి తగిలించుకుంటా. ఇక్కడ గోడలకేం కొదవ?"

అక్టోబరు చివర్లో మేం చదివింది ఒక పాత తీర్పు. జైల్లో వైద్యం అందక మనిషి పోతే ఎవరిని తప్పుపట్టాలన్నది. పొరపాటు జరిగితే చాలదు, అశ్రద్ధ చేసినా చాలదు. ప్రమాదం ఉందని ఆ అధికారికి తెలిసి ఉండాలి, తెలిసీ ఊరుకుని ఉండాలి. అప్పుడే చట్టం అతని చెయ్యి పట్టుకుంటుంది.

"సబబే కదా," అన్నాను. "తెలియనివాణ్ణి ఎలా శిక్షిస్తారు?"

"సబబే," అన్నాడు ఓటిస్. "అందుకే ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. తెలియకుండా ఉండటానికే జీతమిస్తారు, కాలేజీ."

గదంతా గొల్లుమంది. తలుపు దగ్గర నిలబడ్డ వార్డరు కూడా మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. ప్రొఫెసర్ అడేర్ మాత్రం నవ్వకుండా ఆ మాట బోర్డు మీద రాశారు.

క్లాసు అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఓటిస్ గొంతు తగ్గించాడు. "మీ నాన్న మోకాలు ఎలా ఉంది?"

నా చేతిలో కుర్చీ ఆగిపోయింది.

"భయపడకు. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నీ కనుబొమ్మలు, నీ చుబుకం, నేను పొద్దున్నే రోజూ చూసే మొహమేగా. గుడ్ మార్నింగ్ చెప్తాడు మీ నాన్న. చెప్పనివాళ్లే ఎక్కువ." ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగాడు. "పెద్ద విషయమేం కాదనుకో. కానీ రోజు ఎలా మొదలైందన్నది ఇక్కడ ఒక లెక్క."

ఇంటికి వెళ్లాక నాన్నతో చెబుదామా అనుకున్నాను. లోపల ఏమీ అనకు అన్న మనిషితో ఏమని చెప్పను? ఊరుకున్నాను.

*

నవంబరులో మంచు మొదలైంది. ఒక మంగళవారం ఓటిస్ కుర్చీ ఖాళీగా ఉంది.

పక్కనే కూర్చునే డారియో అనే కుర్రఖైదీ చెప్పాడు, పుస్తకంలోకి చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా. గదుల సోదాలో ఓటిస్ దిండు కింద పాత ఇన్‌హేలర్ ఒకటి దొరికింది. కొత్తది ఇచ్చినప్పుడు పాతది తిరిగివ్వాలి. అతను దాచుకున్నాడు, ఎప్పుడైనా కొత్తది ఇవ్వడం ఆలస్యమైతే పనికొస్తుందని. నిషేధించిన వస్తువు దాచాడని రాసి, రెండూ లాక్కుని, పెట్టెలో వేశారు. ఒంటరి గదుల వరసని లోపల అందరూ పెట్టె అనే అంటారు.

"రెండూనా? కొత్తది కూడానా?" అన్నారు ప్రొఫెసర్ అడేర్.

"అడిగితే ఇస్తారు మేడమ్. అడగాలి. అడిగింది వినాలి."

ఆవిడ ఆ సాయంత్రమే జైలు ఆఫీసుకి ఫోన్ చేశారు. అది లోపలి క్రమశిక్షణ వ్యవహారం, కాలేజీకి సంబంధం లేదన్నారు. మర్నాడు రాసి పంపారు. ఆ కాగితానికి జవాబు రాలేదు.

ఆ వారాంతం నాన్నకి పెట్టెలో అదనపు షిఫ్టు పడింది. ఆదివారం మధ్యాహ్నం మావయ్య ముందు వచ్చాడు. అతనూ ఆ పూట అక్కడే డ్యూటీ చేసి వచ్చాడు. కోటు విప్పి, ప్రార్థన చెప్పి, పై తిన్నాడు. కొంచెం ఎక్కువే తిన్నాడు. కాసేపటికి నాన్న ట్రక్కు వాకిట్లోకి వచ్చింది. ఇంజను ఆగింది. నాన్న మాత్రం దిగలేదు.

"చూడవే, ఏం చేస్తున్నాడో," అంది అమ్మ. "తిండి చల్లారిపోతోంది."

మావయ్య తలెత్తలేదు. "అలిసిపోయుంటాడు. వదిలెయ్యండి."

నేను వెళ్లి అద్దం మీద కొట్టాను. లోపల నాన్న స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని, బండి నడుపుతున్నవాడిలా ఎదురుగా చూస్తున్నాడు. అద్దం దించకుండానే "వస్తా" అన్నాడు. పెదవులు కదలడం చూశాను గానీ గొంతు వినపడలేదు. మావయ్య వెళ్లిపోయేదాకా రాలేదు.

మంగళవారం మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. ఈ రోజు క్లాసు లేదన్నారు. ప్రొఫెసర్ అడేర్ ఒక్కరే లోపలికి వెళ్లి, తిరిగొచ్చి, మంచులో చేతికర్ర గుచ్చి నిలబడ్డారు. "ఓటిస్ ఆదివారం పోయాడు," అన్నారు. "ఆయాసం ఎక్కువై సహజంగా మరణించాడట. రౌండులో వెళ్లినప్పుడు చూశారట. అప్పటిదాకా ఎవరికీ తెలియదట."

*

రెండు రోజుల తర్వాత, నేను వెళ్లేసరికి నాన్న షెడ్డులో జింకని ఒలుస్తున్నాడు. వేట కాలం కదా. కానీ ఆ ఏడు ఆయన వేటకి వెళ్లలేదు, పక్కింటివాళ్లు పంచి ఇచ్చారు. కత్తి ఒకచోటే తిప్పుతున్నాడు.

"నాన్నా, ఆదివారం నువ్వు పెట్టెలోనే ఉన్నావు కదూ?"

"అక్కడే ఉన్నా."

"ఓటిస్ నాతో జతగా చదివేవాడు. క్లాసులో."

కత్తి ఆగింది. "ఓటిస్ ఫెల్డరా?" అన్నాడు. నాకు అతని ఇంటిపేరు తెలిసింది అప్పుడే. నాన్న మామూలు గొంతుతో, షిఫ్టు అప్పగించేటప్పుడు పక్కవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"పొద్దున్నించే తలుపు కొడుతున్నాడు. ఊపిరాడట్లేదు, నా మందు ఇప్పించండి అని. వెళ్లి మీ మావయ్యకి చెప్పా. నాటకాలు, మందు కోసం వేషాలు అన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ చెప్పా. పెదాలు నల్లబడ్డాయి జెరార్డ్, నర్సుని పిలుద్దాం అన్నా. మధ్యాహ్నం రౌండులో చూద్దాంలే బావా, ఇవాళ ఆదివారం, నర్సు ఒక్కతే ఉంటుంది అన్నాడు."

"నీ దగ్గర అలారం ఉంటుందిగా. భుజం మీద."

"ఉంటుంది."

"నొక్కొచ్చుగా?"

"నొక్కొచ్చు." కత్తిని గుడ్డతో తుడిచాడు. "సార్జెంటు వద్దన్నాక నొక్కినవాణ్ణి నేను ఇంతవరకూ చూళ్లేదు. నొక్కాలనుకున్నా. అనుకుంటూ నిలబడ్డా."

నా నోటికి వచ్చింది చదువే. "విచారణకి ఎవరో వస్తారట నాన్నా. ప్రొఫెసరు అర్జీ పెట్టారు, మేమంతా సంతకాలు చేశాం. చట్టం ఒక్కటే అడుగుతుంది, ఎవరికైనా ముందే తెలుసా అని. మావయ్యకి తెలుసని నువ్వు చెప్తే..."

"నాకూ తెలుసు," అన్నాడు. "అది చట్టం అడగక్కర్లేదు."

షెడ్డు తలుపులో అమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో. చేతిలో మాంసం కోసం తెచ్చిన గిన్నె.

"అన్నయ్య మీదా?" అంది. "మా అన్నయ్య మీద నా మొగుడు సాక్ష్యం చెప్తాడా?"

"నేనింకా ఏమీ అనలేదు నోరీన్."

"అనకు. మా నాన్న పోయాక బడి మానేసి నన్ను పెంచినవాడు. ఆ చేత్తోనే నిన్ను లోపల ఉద్యోగంలో పెట్టించాడు. పోయినవాడు ఎలాగూ పోయాడు. నువ్వు చెప్తే లేచొస్తాడా?" నా వైపు తిరిగింది. "నీ చదువు మమ్మల్ని ఇక్కణ్ణించి బయట పడేస్తుందనుకున్నానే. ఇలాగా పడేసేది?"

అమ్మని తప్పు పట్టలేకపోయాను. ఆవిడ అన్న మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు.

*

విచారణ అధికారులు వచ్చారు. పెట్టెలో ఆ పూట ఉన్న వార్డర్లందర్నీ ఒక్కొక్కర్నే పిలిచారు. ఒకే మాట, ఒకే వరస, అందరూ. ఖైదీ మామూలుగానే ఉన్నాడు, రౌండులో చూస్తే పడి ఉన్నాడు. పక్కగదుల్లో ఖైదీలు విన్నది చెప్పారుగానీ, వాళ్ల మాట ఎవరు పట్టుకుంటారు? నాన్న మోకాలి నొప్పని సెలవు పెట్టి, పిలిచిన రోజు వెళ్లలేదు. మావయ్య రెండుసార్లు వచ్చి వాకిట్లో నిలబడి మాట్లాడాడు. కోపంగా ఏం కాదు. భుజం మీద చెయ్యి వేసి.

"వాళ్లు వచ్చినట్టే పోతారు బావా. మనం ఇక్కడే ఉండేవాళ్లం."

డిసెంబరులో ఒక పొద్దున నాన్న యూనిఫాం వేసుకోకుండా చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని వంటింట్లోకి వచ్చాడు. "కొలెట్, రోడ్డు జారుగా ఉంది. నువ్వు నడుపుతావా?"

"ఎక్కడికి?"

"ఆ విచారణ వాళ్ల ఆఫీసుకి."

అమ్మ కప్పుల్లోకి కాఫీ పోస్తోంది. పోస్తూనే ఉంది. నాన్నకి ఒక కప్పు, నాకు ఒక కప్పు ముందు పెట్టి, తన కప్పు తీసుకుని పైకి వెళ్లిపోయింది.

ఆఫీసు బయట బండిలో కూర్చున్నాను. నాన్న తిరిగొచ్చి, పక్కసీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, "చెప్పా," అన్నాడు. ఆ తర్వాత, "ఏమైనా తిన్నావా?" అన్నాడు.

దారిలో ఒక హోటల్ దగ్గర ఆగి గుడ్లు తిన్నాం. నాకు చాలా సంతోషంగా ఉంది. అది దాచుకోవడానికి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒక్క మనిషి చెబితే చాలు, తెలుసు అన్న మాట కాగితం మీదకి ఎక్కితే చాలు, మిగతాది చట్టం చూసుకుంటుందనుకున్నాను. మూడేళ్లుగా నేను చదివింది అదే.

*

నాన్న లాకర్లో చచ్చిన ఎలక వేలాడింది. తోటివాళ్ల గుట్టు బయటపెట్టినవాణ్ణి లోపల ఎలక అంటారు. క్యాంటీన్లో ఆయన కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయ్యేది. వీధుల్లో మంచు తోసే బండివాడు ఒక వార్డరు తమ్ముడు. మా వాకిలికి అడ్డంగా రోజూ కొండలా మంచు పోసి వెళ్లేవాడు. పొద్దున్నే నేనూ నాన్నా దాన్ని తవ్వుకుని బండి బయటికి తీసేవాళ్లం. ఎదురింటి ముసలావిడ, నాకు అక్షరాలు దిద్దించినావిడ, నన్ను చూసి తెర లాగేసుకుంది.

అమ్మ ఒక సంచి సర్దుకుంది. "అన్నయ్యకి ఒంట్లో బాగోలేదు. నాలుగు రోజులు వండిపెట్టి వస్తా," అంది.

"మావయ్యకి ఏమైంది?"

"ఏమైందో నీకు తెలియదూ?" అంది. తలుపు నెమ్మదిగా, చప్పుడు కాకుండా వేసి వెళ్లింది.

నాలుగు రోజులు దాటాయి. క్రిస్మస్ వచ్చింది, పోయింది. చర్చిలో అమ్మ మావయ్య పక్కన కూర్చుంది. నాన్న వెనకవరసలో కూర్చున్నాడు. నేను మధ్యలో ఎక్కడో కూర్చుని, పాటలు వచ్చినప్పుడు ఏ పేజీయో వెతుక్కున్నాను.

జనవరి మొదట్లో విచారణ తేలింది. ఫెల్డర్ జబ్బుతో పోయాడు. సార్జెంటుకి ముందుగా తెలిసినట్టు ఆధారం లేదు. ఆయనకి చెప్పానంటున్నది ఒక్కరు, చెప్పలేదంటున్నది అందరూ. ఖైదీల మాటలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అయితే వార్డరు లైల్ రాబిడో, ప్రమాదం ఉందని తనకు తెలుసునని తన నోటితో తానే ఒప్పుకున్నాడు. తెలిసీ అలారం నొక్కలేదనీ ఒప్పుకున్నాడు. అందుచేత అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ కాగితం నాన్న వంటింట్లో బల్ల దగ్గర చదివి నాకు ఇచ్చాడు. నేను రెండుసార్లు చదివాను. తప్పెక్కడా లేదు. మేం క్లాసులో చదివిన తీర్పుని అక్షరం పొల్లుపోకుండా పాటించారు. ఆ వరసలో ఉన్న మనుషులందరిలోకీ తెలిసినవాడు ఒక్కడే దొరికాడు.

"అప్పీలు చేద్దాం నాన్నా," అన్నాను.

"దేనికి?" అన్నాడు. "వాళ్లు రాసింది నిజమేగా."

అదే వారం మా క్లాసు రద్దు చేశారు. భద్రతా కారణాలన్నారు. డారియోకీ, మిగతా ఖైదీలకీ ఆ కోర్సు లెక్కలోకి రాలేదు. మాకు మాత్రం కాలేజీలో మార్కులు వచ్చాయి. నాకు మొదటి మార్కు వచ్చింది. అది చూసుకుని నేను ప్రొఫెసర్ అడేర్ గదికి వెళ్లాను.

"ఇదంతా ఎందుకు చదివాం మేడమ్?" అన్నాను. "మనం లోపలికి వెళ్లకపోతే వాళ్ల చదువు వాళ్లకుండేది. మా నాన్న ఇంట్లో మా అమ్మ ఉండేది."

ఆవిడ నన్ను ఓదార్చలేదు. కిటికీ గట్టుకి ఆన్చిన చేతికర్ర జారి పడింది, తీసుకోలేదు. "నా దగ్గర జవాబుంటే మొదటి క్లాసులోనే చెప్పేదాన్ని కొలెట్," అన్నారు. "ముప్ఫయ్యేళ్లుగా ఇదే పాఠం చెప్తున్నాను. ఇలాంటివి చూశాను. ఇంకోలా అయినవి చూశానా అని రాత్రంతా ఆలోచించాను."

చూశారా అని నేను అడగలేదు.

*

జనవరి చివర్లో ఓటిస్ అక్క వచ్చింది. పేరు వెర్నీస్. జైలువాళ్లు పంపిన కబురు ఆవిడ ఎప్పుడో ఖాళీ చేసిన పాత ఇంటికి వెళ్లిందట. ఆవిడకి తెలిసేసరికి, శవాన్ని అడిగినవాళ్లు లేరని గోడ వెనక గుట్ట మీద ఖైదీల శ్మశానంలో పూడ్చేశారు. విచారణ కాగితంలో నాన్న పేరు చూసి ఇంటికి ఫోన్ చేసింది. "ఆ రోజు అక్కడున్నది మీరేనా?" అంది. నాన్న ఔనన్నాడు. "నాకు తమ్ముణ్ణి చూపించండి," అంది.

బస్సు పెట్రోలు బంకు దగ్గర ఆగుతుంది. నల్ల కోటు, ఊదారంగు టోపీ పెట్టుకున్న పెద్దావిడ దిగింది. మొహం చూడగానే పోల్చుకున్నాను. నాన్న టోపీ తీసి నిలబడ్డాడు. చెయ్యి చాచలేదు. ఆవిడా చాచలేదు. ట్రక్కులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం, నేను మధ్యలో.

పైన మనుషులెవరూ లేరు. అక్కడ పేర్లుండవు. నేలకి ఆనుకుని చిన్న సిమెంటు పలకలు, వాటి మీద అంకెలు. ఇప్పుడు అవీ కనపడవు. మొత్తం గుట్టంతా మోకాలిలోతు మంచు. జైలువాళ్లు ఇచ్చిన అంకె ఆవిడ చేతిలో చీటీ మీద ఉంది. నాన్న ఆ చీటీ చూసి, బండిలోంచి పార తీసి, కొత్త వరసలు ఇటువైపు ఉంటాయని చెప్పి తవ్వడం మొదలుపెట్టాడు.

ఒక పలక బయటపడింది. అది కాదు. పక్కది తవ్వాడు. అదీ కాదు. అంకెలు వరసగా లేవు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పూడ్చినట్టున్నారు.

"చివర్లో వాడేమన్నాడు?" అంది వెర్నీస్.

నాన్న పార ఆపాడు. ఊపిరి పొగలా వస్తోంది. "ఏమన్నాడంటే..."

"మా అమ్మనా? నన్నా? ఎవర్ని తలుచుకున్నాడు? అది అడగడానికే ఇంతదూరం వచ్చాను. వాడు చిన్నప్పుడు ఆయాసమొస్తే నన్నే పిలిచేవాడు. అక్కా, కిటికీ తెరువు అనేవాడు."

నాన్న అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పాలని కోరుకున్నాను. ఒక్క చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేనిది.

"లేదమ్మా," అన్నాడు. "నన్ను పిలిచాడు. మిస్టర్ రాబిడో, మిస్టర్ రాబిడో అని. చివరిదాకా అదే. తర్వాత పిలవలేదు."

"మీ పేరా?"

"నా పేరే."

"ఎంత దూరంలో నిలబడ్డావు నువ్వు?" అంది. అప్పటిదాకా మీరు అన్న మనిషి.

"తలుపు దగ్గరే."

వెర్నీస్ ఏడవలేదు, తిట్టలేదు. చేతితొడుగులు సరిచేసుకుని, ఆ తెల్లటి గుట్టని ఒక చివర్నుంచి రెండో చివరిదాకా చూసింది. నాన్న మళ్లీ తవ్వసాగాడు. మోకాలు సహకరించక ఒక కాలు చాచి, వంగి, చేత్తో కూడా మంచు తోస్తున్నాడు. వరస అయిపోయింది. పై వరసకి వెళ్లాడు. వెలుతురు తగ్గుతోంది. బస్సు వేళ దాటితే ఆ రోజుకి మరో బస్సు లేదు.

"ఇంక చాలు," అంది వెర్నీస్.

నాన్న ఆగలేదు.

"చాలు అన్నాను. నేను పోవాలి." ఆవిడ తిరిగి, మంచులో పడిన తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ ట్రక్కు దగ్గరికి నడిచింది.

ఆవిణ్ణి నేనే బస్సు దగ్గర దింపాను. మెట్టు ఎక్కబోతూ ఆగి అడిగింది, "నువ్వేం చదువుతున్నావమ్మా?"

"చట్టం," అన్నాను.

ఎవరిదో జబ్బు పేరు విన్నట్టు తలూపి లోపలికి వెళ్లిపోయింది. కిటికీ పక్కన కూర్చుంది గానీ బయటికి చూడలేదు.

నేను గుట్ట మీదకి తిరిగొచ్చేసరికి మళ్లీ మంచు పడుతోంది. నాన్న మూడో వరసలో ఉన్నాడు. పలక బయటపడగానే వంగి, బొటనవేలితో మంచు తుడిచి, అంకె పైకి చదివి, పక్కదానికి జరుగుతున్నాడు.

"నాన్నా, ఆవిడ వెళ్లిపోయింది."

"తెలుసు," అన్నాడు.

"ఇంటికి పోదాం రా."

"ఇంకొక్కటి చూసి వస్తా."

బండి దీపాలు అటు తిప్పి, వెలుతురు పడేలా పెట్టి కూర్చున్నాను. ఆయన మొదట తవ్విన కింది వరస అప్పటికే మళ్లీ తెల్లబడిపోయింది.